గో లాంగ్వేజ్: ఒక్క లూప్ తప్పు.. 30 లక్షల సర్టిఫికెట్లకు చిక్కు! కొత్త వెర్షన్లలో ఏం మారింది? మీ కోడ్‌లో ఏం చూసుకోవాలి?

2020 ఫిబ్రవరి 29. కోట్ల వెబ్‌సైట్లకు ఉచితంగా సెక్యూరిటీ సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ తన సాఫ్ట్‌వేర్‌లో ఓ లోపాన్ని కనిపెట్టింది. లెక్క తీస్తే.. సరైన తనిఖీ లేకుండా జారీ అయిపోయి, అప్పటికి చెల్లుబాటులో ఉన్న సర్టిఫికెట్లు 30,48,289 అని తేలింది. ఇది హ్యాకర్ల పని కాదు. సర్వర్ కూలిపోనూ లేదు. కారణం.. గో లాంగ్వేజ్‌లో రాసిన ఓ చిన్న ఫర్ లూప్!

ఆ లూప్ గుంతను గో టీమ్ 2024లో పూడ్చేసింది. దాంతోపాటు టైమర్లు, కంటైనర్లు, వెబ్ సర్వర్ల విషయంలోనూ వరుసగా మార్పులు తెచ్చింది. కానీ ఇక్కడో మెలిక ఉంది. కొత్త వెర్షన్ ఇన్‌స్టాల్ చేసుకున్నంత మాత్రాన ఇవన్నీ మీ ప్రోగ్రామ్‌కు వచ్చేయవు. ప్రాజెక్ట్‌లోని ఒకే ఒక్క లైన్ వాటిని ఆపేస్తుంది. ఆ లైన్ ఏంటి? ఏ వెర్షన్‌లో ఏం మారింది? రోజూ పనికొచ్చే మెలకువలేంటి? ఒక్కొక్కటిగా చూద్దాం.

అసలు గో అంటే ఏంటి?

గో అనేది గూగుల్‌లో పుట్టిన ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్. రాబర్ట్ గ్రీసెమర్, రాబ్ పైక్, కెన్ థాంప్సన్ అనే ముగ్గురు 2007లో దీనికి శ్రీకారం చుట్టారు. 2009 నవంబర్‌లో ఓపెన్ సోర్స్‌గా బయటికొచ్చింది. 2012 మార్చిలో గో 1 విడుదలైంది. డాకర్, కుబెర్నెటీస్, టెర్రాఫామ్, ప్రొమీథియస్.. ఇవన్నీ గోలో రాసినవే. అందుకే క్లౌడ్, డెవాప్స్, బ్యాకెండ్ ఉద్యోగాల వైపు చూసేవాళ్లకు ఈ పేరు తరచూ వినిపిస్తుంది.

ఏటా రెండుసార్లు, ఫిబ్రవరిలో ఒకటి, ఆగస్టులో ఒకటి చొప్పున కొత్త వెర్షన్ వస్తుంది. ఒక వెర్షన్ తర్వాత మరో రెండు వచ్చేదాకా దానికి సెక్యూరిటీ ఫిక్స్‌లు ఇస్తారు. అంటే సుమారు ఏడాది. ఆ తర్వాత ఆ వెర్షన్‌తో సర్వర్ నడపడమంటే ఇన్సూరెన్స్ అయిపోయిన బండి రోడ్డెక్కించినట్టే.

గోకు ఓ మాట ఉంది. గో 1 కోసం రాసిన ప్రోగ్రామ్ ఆ తర్వాతి గో 1 వెర్షన్లన్నిటిలోనూ పనిచేయాలి అనేది ఆ మాట. దానికి కట్టుబడి ఉండటం వల్లే ఎప్పటినుంచో ఉన్న లూప్ లోపాన్ని సరిచేయడానికి టీమ్ అంత ఆలోచించాల్సి వచ్చింది.

లూప్‌లో అసలేం జరిగింది?

టిఫిన్ సెంటర్‌లో ఒకే పలక ఉందనుకోండి. సప్లయర్ ఒక్కో టేబుల్ దగ్గరికెళ్లి, ముందు రాసింది చెరిపేసి, కొత్త ఆర్డర్ ఆ పలక మీదే రాస్తాడు. వంట మాస్టర్‌కు మాత్రం "ఆర్డర్ పలక మీద ఉంది, చూసుకో" అని చెప్పి వెళ్లిపోతాడు. మాస్టర్ తీరిగ్గా వచ్చి చూసేసరికి పలక మీద ఉండేది చివరి టేబుల్ ఆర్డరే. ఇడ్లీ అడిగినవాళ్లకూ, పూరీ అడిగినవాళ్లకూ పెసరట్టే వెళ్తుంది!

గో 1.21 వరకు ఫర్ లూప్ పనిచేసింది అచ్చం ఇలాగే. లూప్ వేరియబుల్ ఒక్కటే ఉండేది. ప్రతి రౌండ్‌లో దాని విలువ మారేదే తప్ప వేరియబుల్ మారేది కాదు. లూప్ లోపల దాని అడ్రస్ తీసి దాచుకున్నా, ఓ గోరొటీన్‌కు అప్పగించినా.. తర్వాత చూస్తే చాలాసార్లు చివరి విలువే కనిపించేది.

లెట్స్ ఎన్‌క్రిప్ట్‌లో జరిగిందీ ఇదే. ఒక డొమైన్‌కు సర్టిఫికెట్ ఎవరు ఇవ్వొచ్చో ఆ డొమైన్ యజమాని డీఎన్ఎస్‌లో రాసి పెట్టుకోవచ్చు. దాన్ని సీఏఏ రికార్డ్ అంటారు. సర్టిఫికెట్ ఇచ్చే ముందు ఆ రికార్డ్ చూడటం తప్పనిసరి. ఒక దరఖాస్తులో మళ్లీ చూడాల్సిన డొమైన్లు పది ఉంటే, పదింటినీ చూడాలి. కానీ ఆ ప్రోగ్రామ్ ఒకే డొమైన్‌ను పదిసార్లు చూసింది. మిగతా తొమ్మిదీ తనిఖీ లేకుండానే దాటిపోయాయి.

ఇందులో ఆలోచించాల్సిన విషయం ఇంకోటుంది. ఆ కోడ్ రాసినవాళ్లకు ఈ గుంత గురించి తెలియక కాదు. లూప్‌లోని రెండు వేరియబుల్స్‌లో ఒకదాన్ని జాగ్రత్తగా కాపీ చేశారు. ఎందుకు కాపీ చేస్తున్నారో పక్కనే కామెంట్ కూడా రాశారు. రెండోదాన్ని మాత్రం వేరే ఫంక్షన్‌కు పంపారు. ఆ ఫంక్షన్ లోపల దాని ఫీల్డ్‌ల అడ్రస్‌లు దాచుకుంటోందన్న సంగతి అక్కడ చూస్తే కనిపించదు. తెలిసినవాళ్లే పడ్డారంటే.. తప్పు మనుషులది మాత్రమే కాదని అర్థమైపోతోంది కదా!

చివరికి 17 లక్షలకు పైగా సర్టిఫికెట్లను సంస్థ రద్దు చేసింది. మిగతావాటినీ గడువులోపే రద్దు చేస్తే లక్షల సైట్లలో సందర్శకులకు హెచ్చరికలు వస్తాయని వెనక్కి తగ్గింది.

1.22లో ఏం మార్చారు?

2024 ఫిబ్రవరిలో వచ్చిన గో 1.22 ఒక్కో రౌండ్‌కు ఒక్కో కొత్త వేరియబుల్ ఇస్తుంది. పలక పోయి, ప్రతి టేబుల్‌కూ వేరే చీటీ వచ్చిందన్నమాట. ఇక లూప్ లోపల వేరియబుల్‌ను కాపీ చేసుకునే పాత అలవాటుతో పనిలేదు.

మార్పు ముందే గూగుల్ తన సొంత కోడ్ మొత్తానికీ 2023 మే నుంచి దీన్ని వాడి చూసింది. బయటపడినవాటిలో ఎక్కువ భాగం టెస్టుల్లోని లోపాలే. ఎలాగంటే.. ఓ పట్టికలో పది కేసులు పెట్టి, అన్నీ సమాంతరంగా నడిచేలా టెస్టు రాస్తారు. పాత పద్ధతిలో పదిసార్లూ చివరి కేసే నడిచేది. అది పాసైతే అన్నీ పాసైనట్టే కనిపించేది. కొత్త పద్ధతిలో మొదటి తొమ్మిదీ తొలిసారి నిజంగా నడుస్తాయి.

కాబట్టి అప్‌గ్రేడ్ చేశాక ఎన్నాళ్లుగానో పచ్చగా ఉన్న టెస్టు ఒక్కసారిగా ఎర్రబడితే, గోను తిట్టుకోకండి. ముందు ఆ టెస్టు ఇంతకాలం నిజంగా నడిచిందా అని చూడండి.

అసలు మెలిక ఇక్కడే: ఆ ఒక్క లైన్!

ప్రతి గో ప్రాజెక్ట్‌లో గో డాట్ మాడ్ అనే ఫైల్ ఉంటుంది. అందులో "గో" అని రాసి పక్కన వెర్షన్ నంబర్ ఉన్న లైన్ ఒకటి కనిపిస్తుంది. చాలామంది దాన్ని ప్రాజెక్ట్ మొదలుపెట్టిన రోజు చూస్తారు, మళ్లీ ముట్టుకోరు.

అక్కడ 1.21 గానీ, అంతకంటే పాత నంబర్ గానీ ఉంటే.. మీ కంప్యూటర్‌లో గో 1.25 ఉన్నా సరే, లూప్ పాత పద్ధతిలోనే నడుస్తుంది. అసలు ఆ లైనే లేకపోతే 1.16 అని అనుకుంటుంది. పాత కోడ్ చెడిపోకూడదని పెట్టిన ఏర్పాటు ఇది. కానీ చాలా టీమ్‌లు "కంపైలర్ కొత్తదే కదా" అని నిశ్చింతగా ఉండిపోతాయి. గుంత మాత్రం అలాగే ఉంటుంది.

లూప్ విషయంలో ఏ మాడ్యూల్ లైన్ ఆ మాడ్యూల్‌కే వర్తిస్తుంది. అంటే మీరు లైన్ మార్చినా, మీరు వాడుకుంటున్న లైబ్రరీ లోపలి లూపులు ఆ లైబ్రరీ లైన్ ప్రకారమే నడుస్తాయి. టైమర్లు, కంటైనర్ సెట్టింగుల లాంటి రన్‌టైమ్ మార్పులు మాత్రం మెయిన్ ప్రోగ్రామ్ లైన్‌ను బట్టి ఉంటాయి. ఈ తేడా గుర్తుపెట్టుకోండి.

ఒక జాగ్రత్త. గో 1.21 నుంచి ఈ లైన్ కచ్చితమైన కనీస అర్హత అయింది. అంతకంటే పాత గో ఉన్న మెషీన్‌లో బిల్డ్ చేస్తే, 1.21 తర్వాతి గో అయితే కావాల్సిన వెర్షన్‌ను తనే డౌన్‌లోడ్ చేసుకోవడానికి చూస్తుంది. ఇంటర్నెట్ లేని బిల్డ్ సర్వర్లలో అక్కడే ఆగిపోవచ్చు. లైన్ మార్చే ముందు బిల్డ్ సర్వర్‌లో ఏ గో ఉందో చూసుకోండి.

కంటైనర్‌లో నడిపేవాళ్లకు పెద్ద ఊరట

కుబెర్నెటీస్‌లో 64 కోర్ల మెషీన్ ఉందనుకోండి. అందులో మీ ప్రోగ్రామ్‌కు ఇచ్చిన పరిమితి రెండు సీపీయూలే. పాత గోకు ఆ పరిమితి తెలిసేది కాదు. మెషీన్ మొత్తం చూసి, ఒకేసారి 64 పనులు నడపొచ్చని లెక్క వేసుకునేది. దాంతో ఇచ్చిన కోటా కాసేపట్లో ఖర్చయిపోయేది. మిగతా సమయం ఆపరేటింగ్ సిస్టమ్ ప్రోగ్రామ్‌ను ఆపి ఉంచేది. బయట నుంచి చూస్తే యాప్ ఉన్నట్టుండి నెమ్మదించినట్టు అనిపిస్తుంది. కారణం అంతుపట్టదు.

2025 ఆగస్టులో వచ్చిన గో 1.25 లినక్స్‌లో కంటైనర్‌కు ఇచ్చిన సీపీయూ పరిమితిని తనే చదువుకుంటుంది. నడుస్తుండగా పరిమితి మారినా గమనిస్తుంది. మూడు షరతులున్నాయి.

- మెయిన్ ప్రోగ్రామ్ గో డాట్ మాడ్‌లో 1.25 లేదా ఆ తర్వాతి నంబర్ ఉండాలి.
- గోమాక్స్‌ప్రాక్స్ అనే విలువను మీరు చేత్తో సెట్ చేసి ఉండకూడదు. పాత స్క్రిప్టుల్లో ఎవరో ఎప్పుడో పెట్టి మర్చిపోయి ఉండొచ్చు, వెతకండి.
- కుబెర్నెటీస్‌లో "లిమిట్" పెట్టాలి. "రిక్వెస్ట్" ఒక్కటే పెడితే దాన్ని గో లెక్కలోకి తీసుకోదు.

మెమరీ సంగతి వేరే. కంటైనర్ మెమరీ పరిమితిని 1.25 కూడా తనంతట తాను చదవదు. 2022 ఆగస్టులో 1.19తో వచ్చిన గోమెమ్‌లిమిట్ విలువను మీరే పెట్టుకోవాలి. కంటైనర్ పరిమితికి కొంచెం తక్కువగా పెడితే, మెమరీ నిండే ముందే చెత్త ఏరివేత జోరందుకుంటుంది. దీంతో ప్రోగ్రామ్‌ను సిస్టమ్ చంపేసే ప్రమాదం తగ్గుతుంది.

గోరొటీన్లు: మొదలుపెట్టడం తేలిక.. ఆపడమే కష్టం

గో బలమంతా గోరొటీన్లలోనే ఉంది. కొన్ని కిలోబైట్ల మెమరీతో మొదలయ్యే చిన్న పనివాళ్లు ఇవి. వేల సంఖ్యలో పెట్టుకోవచ్చు. కానీ పని అప్పగించిన ప్రతిసారీ ఒక ప్రశ్న వేసుకోవాలి.. "ఇది ఎప్పుడు ఆగుతుంది?" జవాబు లేకపోతే అది లీకే.

మామూలుగా జరిగే తప్పు ఇది. ఒక గోరొటీన్ జవాబు తెచ్చి చానెల్‌లో పెట్టడానికి నిలబడుతుంది. ఈలోగా అడిగినవాడు టైమ్ అయిపోయిందని వెళ్లిపోతాడు. తీసుకునేవాళ్లు లేరు కాబట్టి ఆ గోరొటీన్ అక్కడే నిలబడి ఉంటుంది. రోజుకు లక్ష రిక్వెస్టులు వచ్చే సర్వర్‌లో ఇలాంటివి కొద్దికొద్దిగా పేరుకుని మెమరీ పెరుగుతూ పోతుంది. ఆ చానెల్‌కు ఒక్కటి పట్టే బఫర్ ఇస్తే, గోరొటీన్ జవాబు అక్కడ పెట్టేసి తన దారిన తాను పోతుంది. లేదంటే కాంటెక్స్ట్ రద్దయిందేమో చూసుకుని తప్పుకునేలా రాయాలి.

ఇంకా గుర్తుంచుకోవాల్సినవి..

- చాలా గోరొటీన్లు పూర్తయ్యేదాకా ఆగడానికి వెయిట్‌గ్రూప్ వాడతారు. లెక్క పెంచే లైన్‌ను గోరొటీన్ లోపల రాయడం తరచూ జరిగే తప్పు. గో 1.25లో వెయిట్‌గ్రూప్‌కే "గో" అనే మెథడ్ వచ్చింది. పని ఇస్తే చాలు, లెక్క అదే చూసుకుంటుంది. పాత తప్పును గో వెట్ కూడా పట్టిస్తుంది.
- ఒకే మ్యాప్‌లోకి ఇద్దరు ఒకేసారి రాస్తే గో ప్రోగ్రామ్‌ను అక్కడికక్కడే ఆపేయొచ్చు. రికవర్ రాసుకున్నా కాపాడదు. మ్యూటెక్స్ తప్పనిసరి.
- టెస్టులు నడిపేటప్పుడు రేస్ డిటెక్టర్ ఆన్ చేయండి. మెమరీ 5 నుంచి 10 రెట్లు, సమయం 2 నుంచి 20 రెట్లు పెరగొచ్చు. అయినా టెస్టుల్లో పెట్టుకోవాల్సిందే. ఒక్క విషయం, నడిచిన కోడ్‌లో తప్పునే అది పట్టుకుంటుంది. నడవని దారిలో ఉన్నది దానికి కనపడదు.
- "ఐదు నిమిషాల తర్వాత రద్దవ్వాలి" లాంటి కోడ్‌ను టెస్ట్ చేయడానికి ఐదు నిమిషాలు కూర్చోనక్కర్లేదు. 1.24లో ప్రయోగంగా వచ్చి, 1.25లో స్థిరపడిన సింక్‌టెస్ట్ ప్యాకేజీ నకిలీ గడియారంతో కాలాన్ని ముందుకు జరుపుతుంది. టెస్టు క్షణాల్లో అయిపోతుంది.

టైమర్ లీక్‌కు చెక్

2024 ఆగస్టులో వచ్చిన గో 1.23 టైమర్లను సరిచేసింది. అంతకుముందు లూప్ లోపల సెలెక్ట్‌లో "గంట తర్వాత చెప్పు" అని టైమర్ పెడితే.. ముందే వేరే జవాబు వచ్చినా ఆ టైమర్ గంటసేపు మెమరీలో ఉండేది. లూప్ వేగంగా తిరిగితే వేల టైమర్లు పోగయ్యేవి. ఇప్పుడు ఎవరూ వాడని టైమర్‌ను గో వెంటనే ఏరేయగలదు. టైమర్‌ను ఆపాక పాత కబురు చానెల్‌లో మిగిలిపోయే తలనొప్పి కూడా పోయింది. ఇక్కడా అదే షరతు.. మెయిన్ ప్రోగ్రామ్ లైన్‌లో 1.23 లేదా ఆపై నంబర్ ఉండాలి.

వెబ్ సర్వర్ రాసేవాళ్లకు

చిన్న ఏపీఐ రాయాలన్నా ఇంతకుముందు బయటి రౌటర్ లైబ్రరీ తెచ్చుకునేవాళ్లు. గో 1.22 నుంచి స్టాండర్డ్ లైబ్రరీలోనే గెట్, పోస్ట్ లాంటి మెథడ్‌ను, దారిలోని మారే భాగాన్ని నేరుగా రాసుకోవచ్చు. చాలా ప్రాజెక్టులకు ఇది సరిపోతుంది.

అయితే డిఫాల్ట్‌గా వచ్చే ఓ ప్రమాదం ఇప్పటికీ ఉంది. గో ఇచ్చే డిఫాల్ట్ హెచ్‌టీటీపీ క్లయింట్‌కు టైమ్‌అవుట్ లేదు. అవతలి సర్వర్ జవాబివ్వకుండా పట్టుకుని కూర్చుంటే, మీ ప్రోగ్రామ్ కూడా కూర్చుంటుంది. పేమెంట్ గేట్‌వే ఒకటి నెమ్మదించిందనుకోండి.. మీ సర్వర్‌లో రిక్వెస్టులు క్యూ కట్టి, అసలు పేమెంట్‌తో సంబంధం లేని పేజీలూ ఆగిపోతాయి. అందుకే సొంత క్లయింట్ తయారు చేసుకుని టైమ్‌అవుట్ పెట్టండి. సర్వర్‌కూ చదివే, రాసే గడువులు పెట్టండి. జవాబు చదివాక బాడీని క్లోజ్ చేయడం మర్చిపోకండి.

యూజర్ పంపిన పేరుతో ఫైల్ తెరిచేవాళ్లకు గో 1.24లో మంచి కానుక వచ్చింది. ఓఎస్ ప్యాకేజీలోని రూట్ అనే సదుపాయంతో ఒక ఫోల్డర్‌ను గిరి గీసి ఇవ్వొచ్చు. రెండు చుక్కలు పెట్టి పై ఫోల్డర్‌కు పాకాలని చూసినా, సిమ్‌లింక్‌తో బయటికి దారి తీయాలని చూసినా గో ఒప్పుకోదు.

ఎర్రర్లు: రాయక తప్పదు.. తెలివిగా రాయాలి

గో కోడ్ చూసిన కొత్తవాళ్లు ముందు అడిగేది ఒకటే.. "ప్రతి నాలుగు లైన్లకూ ఈ ఎర్రర్ చెక్ ఏంటి?" దీన్ని తగ్గించడానికి ఏళ్లపాటు చాలా ప్రతిపాదనలు వచ్చాయి. 2025 జూన్‌లో గో టీమ్ తేల్చి చెప్పేసింది. ఏకాభిప్రాయం లేదు కాబట్టి, ఎర్రర్ల కోసం కొత్త సింటాక్స్ ప్రయత్నాలను ఇక ఆపేస్తున్నామని ప్రకటించింది. కాబట్టి ఉన్నదాన్నే బాగా వాడుకోవాలి.

ఎర్రర్‌ను ఉన్నదున్నట్టు పైకి పంపకండి. "ఏ ఫైల్ తెరుస్తుంటే వచ్చింది" అనే ముక్క కలిపి చుట్టండి. 2019లో 1.13తో వచ్చిన ర్యాపింగ్ దానికోసమే. పైన పట్టుకునేటప్పుడు అక్షరాలు పోల్చకండి, ఎర్రర్స్ ప్యాకేజీలోని ఈజ్, యాజ్ ఫంక్షన్లు వాడండి. ఒకేసారి రెండు మూడు ఎర్రర్లు వస్తే కలిపి పంపడానికి 1.20 నుంచి జాయిన్ ఉంది.

ఇక్కడ ఇంకో హెచ్చరిక. గో 1.21లో దొర్లిన ఓ కంపైలర్ తప్పు వల్ల, ఎర్రర్ చూడకముందే విలువను వాడేసిన కొన్ని ప్రోగ్రామ్‌లు పొరపాటున బతికిపోయాయి. ఉదాహరణకు ఫైల్ తెరవబోయి విఫలమయ్యాక, ఎర్రర్ చూడకుండా ముందు ఆ ఫైల్ పేరు అడగడం. నిజానికి అక్కడ ప్యానిక్ రావాలి. 1.25లో ఆ తప్పును సరిదిద్దారు. అంటే ఇన్నాళ్లూ నడిచిన కోడ్ అప్‌గ్రేడ్ తర్వాత పడిపోవచ్చు. చికిత్స ఒక్కటే.. తెరిచిన మరుసటి లైన్‌లోనే ఎర్రర్ చూడాలి.

తెలుగు పేర్లు తెగిపోతున్నాయా? కారణం ఇదే

తెలుగు యాప్‌లు చేసేవాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన సంగతి ఇది. గోలో స్ట్రింగ్ పొడవు అడిగితే వచ్చేది అక్షరాల లెక్క కాదు, బైట్ల లెక్క. "తెలుగు" అనే మాట పొడవు అడగండి.. 18 అంటుంది! కంటికి కనిపించేవి మూడు అక్షరాలే. కానీ యూనికోడ్‌లో తలకట్టున్న అక్షరం వేరు, గుణింతం గుర్తు వేరు. అలా మొత్తం ఆరు. ఒక్కోదానికి మూడేసి బైట్లు. ఆరు మూళ్లు పద్దెనిమిది.

ఇప్పుడు ఓ ఫారమ్‌లో పేరుకు 20 పరిమితి పెట్టి, పొడవును మామూలుగా కొలిచారనుకోండి. ఇంగ్లీష్‌లో రాస్తే 20 అక్షరాలు పడతాయి. "శ్రీనివాస్" అని తెలుగులో రాస్తే మాత్రం 30 బైట్లయి "పేరు చాలా పెద్దది" అని తిప్పికొడుతుంది. కనిపించేది నాలుగు అక్షరాల పేరు!

ఇంకో చిక్కు కత్తిరించడంలో ఉంది. హెడ్‌లైన్‌ను పదో బైట్ దగ్గర కోస్తే, మూడు గుర్తులు పూర్తిగా వచ్చి నాలుగోది ముక్కలవుతుంది. స్క్రీన్ మీద ప్రశ్నార్థకం ఉన్న డైమండ్ కనిపిస్తుంది. పరిష్కారం.. స్ట్రింగ్‌ను రూన్లుగా మార్చి లెక్కించడం, కత్తిరించడం. యూటీఎఫ్-8 ప్యాకేజీలో రూన్లు లెక్కపెట్టే ఫంక్షన్ ఉంది. అయినా పూర్తిగా తీరదు. "తెలుగు"ను మూడు రూన్ల దగ్గర కోస్తే "తెల" అని వస్తుంది. "లు" కాస్తా "ల" అయిపోతుంది. కంటికి కనిపించే అక్షరాల లెక్క కావాలంటే స్టాండర్డ్ లైబ్రరీలో ఆ సదుపాయం లేదు. గ్రాఫీమ్‌లు విడదీసే బయటి లైబ్రరీ తెచ్చుకోవాలి. కుదరకపోతే ఖాళీ ఉన్నచోట, మాట చివర కత్తిరించడం మేలు.

చిత్రమేంటంటే.. ప్రపంచ భాషలన్నిటినీ ఇలా బైట్లలో పెట్టే యూటీఎఫ్-8 పద్ధతిని 1992లో తయారు చేసింది కెన్ థాంప్సన్, రాబ్ పైక్. గో సృష్టికర్తల్లో ఇద్దరు వాళ్లే!

వెర్షన్ల వారీగా ఒక్క చూపులో

- 1.18 (2022 మార్చి): జెనరిక్స్ వచ్చాయి. ఒకే ఫంక్షన్‌ను రకరకాల టైపులకు రాసుకోవచ్చు. ఫజ్ టెస్టింగ్ కూడా ఇందులోనే.
- 1.21 (2023 ఆగస్టు): మిన్, మ్యాక్స్, క్లియర్ నేరుగా వచ్చాయి. స్లైసెస్, మ్యాప్స్ ప్యాకేజీలు, పద్ధతిగా లాగ్ రాయడానికి ఎస్‌లాగ్ చేరాయి. అసలు వాడకాన్ని చూసి కోడ్‌ను వేగంగా చేసే పీజీఓ స్థిరపడింది.
- 1.22 (2024 ఫిబ్రవరి): లూప్ సవరణ, కొత్త రౌటింగ్. నంబర్ మీద నేరుగా రేంజ్ తిప్పొచ్చు. పీజీఓతో చాలా ప్రోగ్రామ్‌లకు 2 నుంచి 14 శాతం దాకా వేగం.
- 1.23 (2024 ఆగస్టు): టైమర్ల సవరణ. ఫంక్షన్ల మీద కూడా రేంజ్ తిరిగే ఇటరేటర్లు.
- 1.24 (2025 ఫిబ్రవరి): ఓఎస్ రూట్, కొత్త మ్యాప్ నిర్మాణం. జేసన్‌లో ఖాళీ తేదీలు రాకుండా చేసే ఒమిట్‌జీరో.
- 1.25 (2025 ఆగస్టు): కంటైనర్ పరిమితి గుర్తింపు, వెయిట్‌గ్రూప్‌కు గో మెథడ్, సింక్‌టెస్ట్.

అప్‌గ్రేడ్ చేసేవాళ్లు ఈ వరసలో వెళ్లండి

1. ముందు గో డాట్ మాడ్ తెరిచి ఆ లైన్‌లో ఏ నంబర్ ఉందో చూడండి. 1.22 కంటే తక్కువైతే లూప్ గుంత మీ ప్రాజెక్ట్‌లో ఇంకా ఉన్నట్టే.

2. లైన్ మార్చకుండా, ముందు కొత్త గోతో బిల్డ్ చేసి టెస్టులు నడపండి. ఇక్కడ వచ్చే తేడాలు కంపైలర్, లైబ్రరీల వల్ల వచ్చినవి.

3. అవి సర్దుకున్నాక లైన్‌ను విడిగా, వేరే కమిట్‌లో మార్చండి. రెండూ ఒకేసారి చేస్తే ఏది దేనివల్ల వచ్చిందో తేలదు.

4. రేస్ డిటెక్టర్‌తో టెస్టులు మళ్లీ నడపండి. గో వెట్ చూపిన హెచ్చరికలు చదవండి.

5. గోవల్న్‌చెక్ నడపండి. మీరు వాడే లైబ్రరీల్లో తెలిసిన సెక్యూరిటీ లోపాలుంటే, అందులోనూ మీ కోడ్ నిజంగా పిలుస్తున్న ఫంక్షన్లకు సంబంధించినవేవో చెబుతుంది.

6. అన్ని సర్వర్లకూ ఒక్కసారే పంపకండి. ఒకదానికి పంపి, మెమరీ, గోరొటీన్ల సంఖ్య, జవాబు సమయం ఓ రోజు గమనించండి. బాగుంటే మిగతావాటికి పంపండి.

ఈ ఆరింటిలో మొదటిదానికి పట్టేది అర నిమిషమే. ఫైల్ తెరవాలి, ఒక్క లైన్ చూడాలి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ లోపం 2019 జులైలో కోడ్‌లోకి చేరింది. 2020 ఫిబ్రవరి చివరి దాకా, అంటే ఏడు నెలల పాటు.. ఎవరి కంటా పడకుండా పనిచేస్తూనే ఉంది. కాబట్టి మీ ప్రోగ్రామ్ బాగానే నడుస్తున్నట్టు కనిపించినా, ఆ లైన్‌ను ఒకసారి చూసేయండి.